అటక మీద చెయ్యి వేసేముందు: ఊరొదిలి వెళ్ళిన మా పర్లాకిమిడి పిల్లలకి బహిరంగ లేఖ

పిల్లలూ,

బెంగుళూరు, హైదరాబాదు, భువనేశ్వర్, ఇంకా అమెరికా ఆస్ట్రేలియా అని ఎక్కడెక్కడో ఉన్న మీ అందరికీ కలిపే రాస్తున్నా. మా పిల్లలిద్దరికీ ఫోన్లో విడిగా చెప్పొచ్చు, చెప్పాను కూడా, "సరేలే అమ్మా" అన్నారు, ఆ సరేలే ఎంతవరకో నాకు తెలుసు. పైగా మొన్న సంక్రాంతికి జరిగింది ఒక్క మా ఇంటి భాగోతం కాదు, మా వీధిలోనే నాలుగిళ్ళల్లో ఇదే వరస, పాతపట్నంలో మా అన్నయ్య వాళ్ళింట్లోనూ అంతేనట. అందుకని అందరికీ ఒకేసారి. మాట్లాడినట్టే రాస్తాను, వాక్యం ఎక్కడ మొదలైంది ఎక్కడ ఆగింది అని చూడకండి. గిడుగు రామమూర్తి గారు ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ వాడుక భాషలో రాయండ్రా బాబూ అని జీవితమంతా పోరాడారు, ఆ మాత్రం చనువు ఈ ఊరివాళ్ళకి ఉండాలి కదా.

సంగతేంటంటే భోగి ముందురోజు మా వాడు, కోడలు, అమ్మాయి, అల్లుడు నలుగురూ నడుం కట్టి మా అటక ఖాళీ చేసేసారు. భోగికి పాత సామాన్లు మంటలో వెయ్యాలి కదా అత్తయ్యా, ఆచారమే కదా అంది కోడలు. ఆచారమే మరి, నేనేం మాట్లాడతాను. కానీ అటక మీదున్నవి మండే సరుకా అవి? హార్లిక్స్ సీసాలు ముప్ఫై ఒకటి (మా అల్లుడు లెక్కపెట్టాడు, సాఫ్ట్‌వేర్ కదా), డాల్డా డబ్బాలు, అమూల్ పాలపొడి డబ్బాలు, స్వీటు షాపు అట్టపెట్టెలు, కడిగి ఆరబెట్టి యాభైకొక కట్ట చొప్పున రబ్బరు బ్యాండు వేసిన పాల ప్యాకెట్లు, ఉండలు చుట్టిన తాళ్ళు, వెనకాల ఖాళీగా ఉంది కదా అని దాచిన శుభలేఖలు, రెండు లాంతర్లు, ఒక మూతబెట్టిన మట్టి కుండ. కుండలో బియ్యం, బియ్యం నిండా పురుగు. శుభలేఖలు మంటలోకి వెళ్ళాయి, మిగతావి మున్సిపాలిటీ బండిలోకి. బండి వచ్చే లోపల మా వాడు వాటన్నిటినీ వరండాలో వరసగా పేర్చి "మామ్మ మ్యూజియం" అని వీడియో తీసి రీలు పెట్టాడు. ఎంతమందికి నచ్చిందో కూడా నాకు చూపించాడు.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. రీలు అంటే ఆవిడకి దారం రీలే. కానీ నలుగురు ఒక ఫోన్ మీద వంగి నవ్వుతూ మధ్యమధ్యలో తన వైపు చూస్తుంటే దేనికి నవ్వుతున్నారో తెలీనంత అమాయకురాలు కాదు. ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక నా దగ్గరికొచ్చి "కుండ కూడా ఇచ్చీసారేటే" అని ఒక్క మాట అడిగింది.

ఆ ఒక్క మాటకి నేను రాస్తున్న ఉత్తరం ఇది. ఆవిడ చేసేదంతా రైటని రాయట్లేదు, ముందే చెప్తున్నా, కొన్నింటికి నేనే ఆవిడతో రోజూ యుద్ధం చేస్తా, ఆ సంగతికి తర్వాత వస్తాను. మీరు పారేసిన వాటికి ఒక్కోదానికీ ఒక్కో తారీకు ఉంది, అది మీకు తెలీదు.

తాళ్ళ సంగతి ముందు. ఆ ఉండలు చుట్టే అలవాటు మా అత్తగారిది కాదు, ఆవిడ మావగారిది. ఆయన కుర్రతనంలో గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం, అదే బర్మాలో రంగూన్, వెళ్ళారు. మన వైపు అప్పట్లో కూలికి రంగం వెళ్ళని ఇల్లు తక్కువ, గంజాం, చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) మొత్తం అంతే, ఇక్కడ గంజికి లేకపోతే అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో పని. 1941 డిసెంబర్లో జపానోడు రంగం మీద బాంబులు వేస్తే ఓడ దొరకనివాళ్ళందరూ అడవుల్లో పడి అస్సాం వైపు నడిచొచ్చారు, దార్లో ఎంతమంది పోయారో లెక్కలేదు. ఈయన 1942లో ఇల్లు చేరేటప్పటికి చేతిలో మిగిలింది ఒక టిఫిన్ క్యారేజీ, దాన్ని మెళ్ళో వేలాడేసుకున్న తాడు. ఆ తాడు లేకపోతే క్యారేజీ ఎక్కడో జారిపోయేది, క్యారేజీ లేకపోతే నీళ్ళు తాగడానికి గిన్నె ఉండేది కాదు అనేవారట. తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఇంట్లోకి వచ్చిన పొట్లం ఏదైనా తాడు తెంపనిచ్చేవారు కాదు, ముడి విప్పాల్సిందే. కొత్త కోడలిగా వచ్చిన మా అత్తగారికి ఆయన నేర్పిన మొదటి పని ముడి విప్పడం. ఇవాళ అమెజాన్ పెట్టె మీద టేపు కూడా గోళ్ళతో మెల్లగా ఊడదీస్తుంది, కత్తెర ఇస్తే తీసుకోదు, మా అమ్మాయికి అది చూస్తే ఒళ్ళు మంట.

ఇంక సోమవారం. ఇది చెప్తే మీరు నమ్మరు. మా అత్తగారు సోమవారం రాత్రి అన్నం తినదు. నేను 1986లో కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నా, శివుడి కోసం అనుకున్నా, అడగలేదు, అత్తగారి ఉపవాసం ఎందుకని ఎవరడుగుతారు. కోడలొచ్చాక అది అడిగింది, మామ్మా మీరు గుడికి వెళ్ళరు, పూజ కూడా పెద్దగా చెయ్యరు, కార్తీకం కాని నెలల్లో కూడా ఈ సోమవారాలేంటి అని. మా అత్తగారు దాని మొహం చూసి "శివుడేటమ్మా, శాస్త్రి గారు చెప్పారు కదా" అంది. ఏ శాస్త్రి గారు అంటే లాల్ బహదూర్ శాస్త్రి!

1965లో అటు పాకిస్తాన్‌తో యుద్ధం, ఇటు వానల్లేవు, అమెరికా నుంచి పీఎల్ 480 అనే సాయం కింద గోధుమ ఓడ వస్తే తప్ప రేషన్ షాపు తలుపు తియ్యని రోజులు, అప్పుడు ప్రధాని శాస్త్రి గారు వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానెయ్యండి దేశానికి అన్నం మిగులుతుంది అని అడిగారు. హోటళ్ళు కూడా మూసేవారట. మా అత్తగారికి అప్పటికి ఇరవై రెండేళ్ళు, ఒళ్ళో బిడ్డ. మానేసింది. శాస్త్రి గారు 1966 జనవరిలో పోయారు, ఆ తర్వాతేడు కూడా వానల్లేవు, ఆ తర్వాత పచ్చ విప్లవం వచ్చింది, దేశంలో గోదాములు పొంగిపోయాయి, ఎలకలు తింటున్నాయని పేపర్లో ఫోటోలు కూడా వేసారు, ఈవిడ మాత్రం మానలేదు. "మానీయమన్నారు, మానీసాం. మళ్ళీ తినండని ఎవరూ చెప్పలేదు కదా" అంది. మా కోడలు నవ్వబోయి ఆగిపోయింది, అది మాత్రం నేను చూసాను.

అది నిజమే కదా ఆలోచిస్తే. కరువొచ్చిందని దండోరా వేస్తారు, కార్డులిస్తారు, క్యూలో నిలబెడతారు. అయిపోయిందని ఎవరొచ్చి చెప్పారు? ఏ రోజు నుంచి నిశ్చింతగా ఉండొచ్చు అన్నది ఏ పేపర్లో పడింది?

పైగా మనది ఒడిశా ఆంధ్రా బోర్డరు, ఇక్కడ ఒక్కోసారి కరువు రోడ్డుకి ఒక పక్కనే ఉండేది. నేను పాతపట్నం పిల్లని, ఆంధ్రా. పర్లాకిమిడికీ మా ఊరికీ మధ్య పట్టుమని పది కిలోమీటర్లు లేవు, ఒకటే మహేంద్రతనయ, ఒకటే చిన్న రైలు. ఈ ఊరు కూడా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే అయ్యాక ఇటొచ్చింది. మా చిన్నప్పటి రోజుల్లో బియ్యం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళకూడదు, పట్టుకునేవారు. మేనత్త ఇంటికి వెళ్తూ కూడా బియ్యం మూట సీటు కింద తోసి మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవారు మా వాళ్ళు, ఆ నౌపడా గుణుపురం రైలు ఎంత నెమ్మదంటే టికెట్ కలెక్టరు కాదు, పక్కన నడిచేవాడు కూడా ఎక్కి చెక్ చెయ్యొచ్చు. తర్వాత 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాడు. అది మా వైపు. పర్లాకిమిడి వైపు లేదు. నేను పెళ్ళయి ఇటొచ్చినప్పుడు మా నాన్న సారె బుట్టల మధ్యన పాతిక కిలోల బియ్యం మూట కూడా పెట్టి పంపారు, నాకు సిగ్గుతో తల తెగినట్టయింది, ఎవరైనా పసుపు కుంకం చీరలు పంపుతారు గానీ. మా అత్తగారు మాత్రం చీర పక్కన పెట్టి ముందు మూట విప్పి దోసెడు బియ్యం తీసి వాసన చూసింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒక రకంగా కుదిరింది.

ఒడిశాలో రెండు రూపాయల బియ్యం 2008లో వచ్చింది. 2013లో రూపాయి చేసారు, 2023 నుంచి కేంద్రం వాళ్ళు మనిషికి నెలకి అయిదు కిలోలు ఉచితమే అన్నారు. లెక్క చూడండి, పది కిలోమీటర్ల దూరానికి పాతికేళ్ళు పట్టింది. ఆ పాతికేళ్ళు మా అత్తగారు వంటింట్లో ఉంది.

ఇప్పుడు కుండ. రోజూ పొద్దున అన్నానికి తవ్వతో బియ్యం కొలిచి, కడిగేముందు అందులోంచి ఒక పిడికిలి వెనక్కి తీసి ఆ కుండలో వేసేది. రోజూ. ఇంట్లో ముగ్గురున్నా పదిమంది ఉన్నా ఒకటే పిడికిలి. మన ఒడియా ఇళ్ళల్లో కూడా ఉంది ఇది, ముఠీ చావుళ అంటారు. పిడికిలి యాభై గ్రాములు వేసుకోండి, ఏడాదికి పద్దెనిమిది కిలోలు పైనే. వండుకునేవాళ్ళకి ఆ పిడికిలి తగ్గినట్టే తెలీదు, కానీ జూలై ఆగస్టుల్లో పాత పంట అయిపోయి కొత్త పంట రాని రోజుల్లో ఆ పద్దెనిమిది కిలోలే ఇల్లు గడిపేవి. బ్యాంకులో ఆర్డీ కట్టినట్టన్నమాట. మా అత్తగారికి ఇది వాళ్ళ అమ్మమ్మ నేర్పింది, ఆవిడకి ఎవరు నేర్పారో, వెనక్కి వెళ్తే నఅంక కరువు దాకా వెళ్తామేమో. 1866లో, పూరీ గజపతి రాజు ఏలుబడి లెక్కలో తొమ్మిదో అంకం సంవత్సరం కాబట్టి ఆ పేరు. ఒరిస్సాలో మూడోవంతు జనం పోయారంటారు, పది లక్షల మంది. సర్కారు బియ్యం తెప్పించడానికే ఆలస్యం చేసింది, తీరా ఓడలొచ్చేసరికి వానాకాలం, సరుకు ఒడ్డుకి దింపి లోపలికి తోలడానికి వీల్లేకపోయింది. గంజి కేంద్రాల్లో తిన్నవాళ్ళని తర్వాత కులంలోంచి వెలేసారు, వాళ్ళని ఛత్రఖియా అనేవారు. అన్నం దొరికినా దొరకనట్టే చేసారన్నమాట మనవాళ్ళు. అందుకే ఇంకొకరి గంజి కేంద్రం దాకా పోకుండా ఇంట్లోనే ఒక కుండ.

పురుగు పట్టింది నిజమే. రెండు నెలలుగా ఆవిడకి చూపు సరిగ్గా ఆనక చూసుకోలేదు, నేనూ చూడలేదు, అది నా తప్పు. ఎండలో పోసి చెరిగితే అయిపోయేది.

ఇంకొకటి గుర్తు చెయ్యాలి, లాంతర్ల గురించి నవ్వారు కాబట్టి. 2018 అక్టోబర్, నవరాత్రులు మొదలైన మర్నాడు, 11వ తారీకు తెల్లవారుఝామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మీరెవరూ ఊళ్ళో లేరు. ఉద్దానంలో కొబ్బరి తోటలు తోటలే పడిపోయాయి, మన గజపతి జిల్లాలో బరఘరాలో గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ పడింది, ఇక్కడ స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, ఏటీఎంలు పోయాయి. మా వాడు బెంగుళూరు నుంచి మూడ్రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నాడట, పాపం, తర్వాత ఏడ్చాడు కూడా. మేం ఆ మూడ్రోజులూ ఎలా ఉన్నామో అడిగాడా? బానే ఉన్నాం. ముందురోజు సాయంత్రమే మా అత్తగారు ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, గంగాళం, చివరికి ప్రెషర్ కుక్కర్ నిండా కూడా నీళ్ళు పట్టించేసింది, నేను విసుక్కున్నా. కుండలో బియ్యం, హార్లిక్స్ సీసాల్లో వడియాలు, చింతపండు, ఎండు నెత్తళ్ళు, డాల్డా డబ్బాలో అటుకులు. రేషన్ కిరసనాయిలు లీటరు లీటరు చొప్పున దాచింది ఆ రెండు లాంతర్లలోకి. పక్కింటి కొత్తగా దిగిన జంట, చంటిపిల్లతో, వాళ్ళ దగ్గర ఇండక్షన్ స్టవ్వు తప్ప ఏమీ లేదు, అయిదు రోజులు మా ఇంట్లోనే తిన్నారు. ఆ లాంతరే మొన్న మీరు మున్సిపాలిటీ బండిలో వేసింది, చిమ్నీ పగలకుండా ఇరవై ఏళ్ళు కాపాడింది ఆవిడ.

ఇదంతా చదివి మీరు పెద్దావిడే కరెక్టు అనుకుని కళ్ళు తుడుచుకుంటే నా పని చెడుతుంది. నాకు అసలు కావలసింది ఇక్కడ నుంచి.

మీరు పారేసినవన్నీ ఎవరికీ హాని చెయ్యని సామాన్లు. మనిషిని తినేస్తున్న అలవాట్లు అటక మీద లేవు, వాటిని ఒక్కడూ ముట్టుకోలేదు. పోయిన శ్రావణంలో మా అత్తగారు పెరట్లో కళ్ళు తిరిగి పడింది. ఆసుపత్రికి తీసుకెళ్తే బీపీ చూసిన నర్సమ్మ నమ్మకం లేక ఇంకోసారి చూసింది, అంత ఉంది. మాత్రలు వేసుకుంటున్నారా అంటే వేసుకుంటున్నా అంది. ఇంటికొచ్చి డబ్బా విప్పితే అన్నీ సగం సగం ముక్కలు. నెల మాత్రలు రెండు నెలలు వచ్చేలాగ పీట మీద పెట్టి కత్తిపీటతో కోసుకుంటోంది, ఎప్పటినుంచో! పైసలకి లోటు లేదు, కొడుకు పెన్షన్ ఉంది, మనవలు పంపుతున్నారు, అయినా చేతికి ఒక వస్తువు దొరికితే దాన్ని సగం చెయ్యడం ఆ చేతికి అలవాటు. సబ్బు సగం, అగ్గిపుల్ల ఒకటి వెలిగించి దాంతోనే దీపం, స్టవ్వు, అగరొత్తి మూడూ, మాత్ర కూడా సగం. సబ్బుకి ఫర్వాలేదు, మాత్ర పని అలా చెయ్యదు కదా.

గ్యాస్ సిలిండరు అయిపోవస్తే అడ్డంగా పడుకోబెట్టి దొర్లించి ఇంకో రెండు పూటలు లాగడం మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఉందో మీకు తెలుసా? నేనూ చేసేదాన్ని. మాకు గ్యాస్ కనెక్షన్ పేరు రాయించిన ఏడేళ్ళకి వచ్చింది, రెండో సిలిండరు ఇంకా ఆలస్యం, బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక, మరి దొర్లించక ఏం చేస్తాం. పడుకోబెడితే లోపలి ద్రవం రెగ్యులేటర్లోకి వచ్చేస్తుంది, మంట ఒక్కసారి ఎగుస్తుంది, ప్రమాదం. ఇప్పుడు ఫోన్లో నొక్కితే సిలిండరు వస్తోంది, అయినా మా అత్తగారు పక్కకి వెళ్ళి చూస్తే దాన్ని ఊపుతూ ఉంటుంది. నోట్ల రద్దు అప్పుడు పోపుల డబ్బా అడుగున ఇరవై మూడు అయిదొందల నోట్లు బైటపడ్డ సంగతి మీకందరికీ తెలుసు, దాన్ని మాత్రం ఏ ఫంక్షనైనా వదలకుండా చెప్పుకు నవ్వుతారు. నేనూ నవ్వుతాననుకోండి.

చద్దన్నం జోలికి నేను రాను. అది మంచిదే, ఒడియావాళ్ళు పఖాళకి, అదే వాళ్ళ చద్దన్నానికి, మార్చి 20న ఒక రోజే పెట్టుకున్నారు, మీలో కొందరు భువనేశ్వర్లో హోటల్లో ప్లేటు లెక్కన కొనుక్కుని ఫోటోలు కూడా పెట్టారు, అదే ఇంట్లో మామ్మ పెడితే ఛీ నిన్నటిదా అన్నారు. కానీ ఫ్రిజ్జులో అయిదోరోజు చిక్కుడుకాయ కూర చద్దన్నం కాదు. పారెయ్యాలంటే ప్రాణం ఒప్పక తను తినేస్తుంది, మర్నాడు కడుపు.

అన్నిటికంటే పెద్దది ఇది, రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. మా ఇంట్లో ఆడవాళ్ళం ఇప్పటికీ చివర్న తింటాం. ఎవరూ చెప్పలేదు, అలా అయిపోతుందంతే. మగవాళ్ళకి, పిల్లలకి పెట్టి, చుట్టాలుంటే వాళ్ళకి పెట్టి, తర్వాత కూర గిన్నెలోనే అన్నం వేసి కలిపి తుడుచుకుని తింటాం. కంచం కూడా పెట్టుకోం. అన్నం చాలని రోజుల్లో అది అవసరం, అమ్మ తినకపోతే బిడ్డకి వస్తుంది. ఇప్పుడు అన్నం కుక్కర్ నిండా ఉంది, గుడ్లు ట్రే ఉంది, అయినా నాకు అయిదో గుడ్డు ఉడకబెట్టడం గుర్తు రాదు, నలుగురున్నారు కదా నాలుగు అనుకుంటా, నన్ను నేను లెక్కలో వేసుకోను. రెండేళ్ళ క్రితం నీరసమని రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది ఉంది. డాక్టరమ్మ ఇంట్లో తిండికి ఇబ్బందా అని అడిగింది మెల్లగా. నాకు నవ్వొచ్చింది, బైటకొచ్చాక ఏడుపొచ్చింది. మొన్న భోగి ముందురోజు కూడా మీరు అటకంతా ఊడ్చేసి చేతులు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు, కోడలు, అమ్మాయి కూడా కూర్చున్నారు, మంచిదే, నేనే కూర్చోబెట్టాను. మీరు లేచాక నేనూ మా అత్తగారూ వంటింట్లో నేల మీద కూర్చుని గిన్నెలు దగ్గరికి లాక్కున్నాం. గారెలు అయిపోయాయి. "అమ్మా మీకు ఇంకా ఉన్నాయా" అని ఒక్కడు కూడా వంటింట్లోకి తొంగి చూడలేదు, అటక మీదకి మాత్రం నలుగురూ ఎక్కారు.

మీకు కోపం వస్తే రానీండి. మీవి కూడా చూసొచ్చాను నేను. బెంగుళూరు ఫ్లాట్లో బెడ్ కింద ఫోన్ల ఖాళీ డబ్బాలు ఎన్ని ఉన్నాయో, ఒక్కదాన్లో కూడా ఫోన్ లేదు, ఎందుకు దాచారంటే "రీసేల్ వేల్యూ". కిచెన్ డ్రాయర్ నిండా పిజ్జావాడిచ్చిన మిరప్పొడి పొట్లాలు, సాస్ పొట్లాలు. లాక్‌డౌన్ అప్పుడు 2020 మార్చిలో బోర్డర్ మూసేసి పాతపట్నం మాకు ఫారిన్ అయిపోయినప్పుడు, అక్కడ మీరు అయిదేసి కిలోల కందిపప్పు తెచ్చి ఇంకా తింటున్నారని కోడలే చెప్పింది. మీ ఒంట్లోనూ ఆవిడ రక్తమే ఉంది మరి.

కాబట్టి దసరాకి వచ్చేటప్పుడు, వచ్చినవాళ్ళు, మీ మామ్మలని తాతలని ముందు కూర్చోబెట్టి ఒక్కో వస్తువు చేతికిచ్చి అడగండి, ఇదెప్పటిది, దీంతో ఏం చేసేవారు అని. సగం వాళ్ళే తీసెయ్యమంటారు, నేను చూసాను, కథ చెప్పేసాక వస్తువు మీద మోజు తగ్గుతుంది. వీడియో తియ్యాలనుకుంటే అప్పుడు తియ్యండి, నవ్వితే ఆవిడతో కలిసి నవ్వండి. మాత్రలు మూణ్ణెల్లవి ఒకేసారి కొనిచ్చెయ్యకండి, ఎక్కువ చూస్తే దాచబుద్ధేస్తుంది, వారం డబ్బా ఒకటి వస్తుంది ఏడు గళ్ళతో, అది కొనండి, ఆదివారం ఆదివారం ఫోన్లో ఆ డబ్బా చూపించమనండి. మాకు నెల్రోజుల నుంచి పనిచేస్తోంది, ఖాళీ గడి చూపించడం ఆవిడకి ఇప్పుడొక పంతం అయింది. డబ్బులు పంపితే ఆవిడ పేర వెయ్యకండి, దాచేస్తుంది. వస్తువు తెండి. ఇంక భోజనాల దగ్గర ఎవరో ఒకరు, మగపిల్లలైతే ఇంకా మంచిది, వడ్డించడానికి లేవండి, ముందు పంక్తిలో అమ్మలని మామ్మలని కూర్చోబెట్టి. వాళ్ళు కూర్చోరు, లేస్తారు, "మీరు తినండ్రా" అంటారు. నేనే అంటాను. వినకండి.

సోమవారం సంగతి ఇంకా తేలలేదు. కోడలు పోయిన వారం వీడియో కాల్ చేసి, మామ్మా నేను గవర్నమెంట్ తరఫున చెప్తున్నా, యుద్ధం అయిపోయింది, గోధుమలు బోలెడున్నాయి, ఇంక సోమవారం రాత్రి తినొచ్చు అంది. మా అత్తగారు చాలాసేపు నవ్వింది. ఆ రాత్రి రెండు రొట్టెలు తింది, అన్నం కాదు. చూద్దాం.

కుండ మళ్ళీ కొన్నాను, మట్టిదే, పాతపట్నంలో. అడుగున వేపాకు వేసి పెట్టాను, నెలకోసారి ఎండలో నేనే పోస్తాను. పిడికిలి ఇప్పుడు ఆవిడ చేతికి సరిగ్గా పట్టట్లేదు, వేళ్ళ సందుల్లోంచి సగం జారి తవ్వలోనే పడిపోతున్నాయి, తెలిసినా నేను చూడనట్టుంటున్నా. వంటింట్లో కుడిపక్క గూట్లో ఉంది. దసరాకి వచ్చినవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోకండి.

మీ అందరి మేలు కోరే
ఒక అమ్మ, ఒక అత్త, ఒక కోడలు
పర్లాకిమిడి